మా ఆవిడకు తెలుగు తిరిగొచ్చిన ఏడాది

మేము ఢిల్లీ పక్కనున్న వైశాలికి వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. నాది ఒంగోలు దగ్గర ఊరు, మా ఆవిడది కాకినాడ. నేను నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాను. ఆవిడ లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. పొద్దున్నే మెట్రో ఎక్కి, రెండు బ్యాచ్‌లకు పాఠం చెప్పి, మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. అక్కడి పిల్లలకు హిందీలో చెబితే తప్ప ఎక్కదు కాబట్టి పదిహేనేళ్ళుగా ఆవిడ లెక్కలన్నీ హిందీలోనే నడిచాయి. నాతో మాత్రం అచ్చమైన కాకినాడ తెలుగు. కోపమొస్తే ఇంకా అచ్చమైన తెలుగు.

మాకు ఒక్కతే అమ్మాయి, అప్పుడు తొమ్మిదో తరగతి. తెలుగు ఎంత వేగంగా మాట్లాడినా దానికి అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. "అన్నం తిన్నావా?" అంటే "హా, ఖా లియా" అంటుంది. చిన్నప్పుడు దిద్దడానికి ప్రయత్నించాం. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళం పడి వదిలేశాం.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, కంగారుపడకండి. ఈ-రిక్షా బోల్తా పడింది. నాకేం కాలేదు. తలకు ఎడమ పక్కన బొప్పి కట్టింది, అంతే."

"రక్తం వచ్చిందా?"

"లేదండీ. రిక్షా అతనే లేపి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఇంటికొచ్చేశాను. కొంచెం తలనొప్పిగా ఉంది, టీ పెట్టుకుంటున్నాను."

మెట్రో స్టేషన్ దాటాక రోడ్డు తవ్వి సరిగా పూడ్చని చోట రిక్షా చక్రం దిగబడి పక్కకు ఒరిగిందట. ఆవిడ తల డివైడర్ రాయికి కొట్టుకుందట. చెప్పే గొంతులో భయమేమీ లేదు. సరే జాగ్రత్త అని పెట్టేశాను, కానీ పనిమీద మనసు నిలవలేదు.

దానికి కారణం మా మేనమామ. నాకు పదేళ్ళప్పుడు కాలేజీ మైదానంలో కబడ్డీ ఆడుతూ ఆయన వెనక్కి పడ్డాడు. తల నేలకు కొట్టుకుంది. లేచి దుమ్ము దులుపుకుని, మిగతా ఆట కూడా ఆడి, ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నాడు. తల బరువుగా ఉందని మంచమ్మీద వాలాడు. సాయంత్రం లేపబోతే లేవలేదు. మా ఊళ్ళో అప్పుడు స్కాన్ అనే మాటే ఎవరికీ తెలియదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే పోయాడు. "బాగానే ఉన్నాడు కదా, అన్నం కూడా తిన్నాడు కదా" అని మా అమ్మమ్మ బతికినంతకాలం అంటూనే ఉంది. బాగానే ఉన్నానంటున్న ఆ కాసేపే అసలు ప్రమాదమని, లోపల రక్తం మెల్లగా పేరుకునే సమయమని నాకు చాలా ఏళ్ళ తర్వాత ఎక్కడో చదివితే తెలిసింది.

పావుగంట ఆగి మళ్ళీ ఫోన్ చేశాను.

"టీ తాగావా?"

"లేదండీ. వడగడదామంటే దువ్వెన కనబడట్లేదు."

"ఏం కనబడట్లేదూ?"

"దువ్వెనండీ. టీ వడగట్టే దువ్వెన. ఇక్కడే పెట్టాను..."

నవ్వుతోందేమో అనుకున్నాను. నవ్వడం లేదు. తను తప్పు మాట అన్నట్టు తనకే తెలియలేదు. కుర్చీలోంచి లేచేశాను.

"స్టవ్ కట్టెయ్. తలుపు గడియ తీసి కుర్చీలో కూర్చో. పడుకోవద్దు. విన్నావా?" అన్నాను.

"ఎందుకండీ అలా అరుస్తారు..." అంది. ఆ గొంతు అప్పటికే ముద్దగా వస్తోంది.

మా పై అంతస్తులో ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంటారు. అందరం ఆంటీ అంటాం. ఆవిడకు ఫోన్ చేసి విషయం చెప్పాను. ఆవిడ ఇంకో ప్రశ్న అడగలేదు. భర్త చేత కారు తీయించి, మా ఆవిడను వెనక సీట్లో తన భుజానికి ఆనించుకుని ఆసుపత్రికి బయలుదేరారు. నేను నోయిడా నుంచి క్యాబ్‌లో నేరుగా అక్కడికే వెళ్ళాను. నేను చేరేసరికి మా ఆవిడ స్ట్రెచర్ మీద ఉంది. దారిలో రెండుసార్లు వాంతి అయిందట. కుడిచెయ్యి స్ట్రెచర్ అంచు నుంచి జారి వేలాడుతోంది. పేరు పెట్టి పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది.

ఆ తర్వాత అంతా ఎంత వేగంగా జరిగిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. తల స్కాన్ తీయడానికి కొద్ది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ సమయానికి సర్జన్ ఆ భవనంలోనే లేరు. స్కాన్ బొమ్మలు ఆ డాక్టరమ్మ ఫోన్‌కు వెళ్ళాయి. ఆవిడ దారిలో ఉండగానే ఆపరేషన్ గది సిద్ధం చేయమని చెప్పారు. యాభై ఏళ్ళుంటాయి, సన్నగా ఉన్నారు, వచ్చీరాగానే నన్ను పక్కకు తీసుకెళ్ళి తెర మీద బొమ్మ చూపించారు. ఆవిడ హిందీలోనే చెప్పి ఉంటారు, కానీ ఆ మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"ఇదిగో, ఎముక చిట్లింది. దాని కింద రక్తం పేరుకుని మెదడును నొక్కుతోంది. మెదడు కూడా కమిలింది. రక్తం తీసేస్తాం. వాపు ఎక్కువగా ఉంటే ఎముక తిరిగి పెట్టం. లోపల వాచే మెదడుకు చోటు కావాలి."

"తలకు ఎముక లేకుండానా?"

"కొన్నాళ్ళు. పైన చర్మం ఉంటుంది. ముందు ప్రాణం, తర్వాత మిగతావి."

మిగతావి అంటే ఏమిటని అడిగాను.

"మీ భార్య కుడిచేతి వాటమా?"

"అవును."

"అయితే మాట పుట్టే చోటు ఎడమ వైపే ఉండుంటుంది. దెబ్బ తగిలింది అక్కడే. మాట సంగతి ఇప్పుడేం చెప్పలేను" అన్నారు. అబద్ధపు ధైర్యం చెప్పనందుకు అప్పుడు ఆవిడ మీద కోపం వచ్చింది. తర్వాత తర్వాత ఆ గుణం మీదే నాకు నమ్మకం కుదిరింది.

సంతకం పెట్టాను. ఆంటీ మళ్ళీ వెళ్ళి మా అమ్మాయిని బడి నుంచి నేరుగా తీసుకొచ్చారు. అది యూనిఫాంలోనే నా పక్కన, బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, మూడు గంటలు కూర్చుంది.

ఆపరేషన్ అయింది. రక్తం తీశారు. వాపు ఎక్కువగా ఉండటంతో అరచేయంత ఎముక తీసి, తిరిగి పెట్టకుండానే కుట్టేశారు. ఆ ముక్క బాగా చిట్లిపోయి ఉండటం వల్ల దాన్నే మళ్ళీ వాడటం కుదరదని, తర్వాత వేరే ఏర్పాటు చేస్తామని చెప్పారు. ఐసీయూలో మా ఆవిడ తలకు కట్టుతో పాటు ఒక సన్నటి తీగ కూడా ఉండేది. అది మెదడులోని ఒత్తిడిని కొలిచి, పక్కన తెర మీద అంకెగా చూపిస్తుంది. ఇరవై దాటితే నర్సు చేసే పని ఆపి వచ్చేది, తల కింద ఎత్తు సవరించేది, మందు మార్చేవారు. నన్ను రోజుకు రెండుసార్లు లోపలికి పంపేవారు. నేను ఆవిడ ముఖం కన్నా ఆ అంకెనే ఎక్కువ చూసేవాణ్ణి. పద్దెనిమిది, పదిహేడు, ఇరవై ఒకటి, పంతొమ్మిది. ఐదో రోజు అది పన్నెండుకు దిగి అక్కడే నిలబడింది. బయటికొచ్చి అమ్మాయికి చెప్పాను. అది నా చొక్కా పట్టుకుని అప్పుడు ఏడ్చింది.

మత్తు తగ్గించాక కళ్ళు తెరిచింది. నన్ను చూసి గుర్తుపట్టింది, ఆ సంగతి కళ్ళల్లోనే తెలిసిపోయింది. కానీ మాట లేదు. నాలుగు రోజులు లేదు. నేను చెవి దగ్గర కూర్చుని పెళ్ళిలో జరిగినవి, కాకినాడ బీచ్‌లో చెప్పు పోగొట్టుకున్న సంగతి, ఏవేవో తెలుగులో చెబుతూనే ఉన్నాను. వింటున్నట్టే ఉండేది, ఎంత అర్థమవుతోందో తెలిసేది కాదు.

కళ్ళు తెరిచిన ఐదో రోజు ఒక మలయాళీ నర్సు రక్తం తీయడానికి వచ్చింది. నరం దొరక్క రెండోసారి గుచ్చింది. మూడోసారి సూది ఎత్తగానే మా ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని, స్పష్టంగా అంది.

"బస్ కరో!"

ఇక చాలు అని. నర్సు సూది పక్కన పడేసి చప్పట్లు కొట్టింది. పక్క మంచం వాళ్ళు కూడా నవ్వారు. నేను గబగబా దగ్గరికెళ్ళి "ఏంటన్నావు? మళ్ళీ అను" అన్నాను. నా వంక అయోమయంగా చూసింది. "నొప్పిగా ఉందా?" అన్నాను. చూస్తూనే ఉంది. పక్కనుంచి నర్సు "దర్ద్ హై?" అంది. మా ఆవిడ వెంటనే తల ఊపి "థోడా" అంది, కొంచెం అని.

ఆ రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో అంత గుబులూ కలిగింది. మాట వచ్చింది. కానీ నాతో మాట్లాడే మాట కాదు.

మూడు వారాలకు ఇంటికి పంపించారు. తలకు ఎడమ వైపు సొట్ట పడినట్టు లోపలికి పోయింది. ఆ వైపు ఎముక లేదు కాబట్టి లేచి తిరిగినప్పుడల్లా మెత్తటి హెల్మెట్ పెట్టుకోవాలి. కుడిచెయ్యి కాస్త బలహీనంగా ఉన్నా పనికొస్తోంది. మూర్ఛ రాకుండా రోజూ మాత్రలు. మాట మాత్రం చిన్న చిన్న హిందీ ముక్కలు. అచ్ఛా, ఠీక్ హై, పానీ, నహీ. తెలుగు మాట్లాడితే విని, సగం పట్టుకుని, నోరు తెరిచి, ఏదో వెతికి, దొరక్క, కళ్ళనిండా నీళ్ళతో ఊరుకునేది.

మా అత్తయ్యగారు కాకినాడ నుంచి వచ్చారు. ఆవిడకు హిందీ ఒక్క ముక్క రాదు. వచ్చిన మొదటి రోజే కూతురి పక్కన కూర్చుని "ఏమ్మా, నన్ను గుర్తుపట్టావా? ఏదన్నా తింటావా తల్లీ?" అన్నారు. మా ఆవిడ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని "రో మత్... రో మత్ మమ్మీ" అంది. ఏడవొద్దు అంటోందని నాకు తెలుసు. తల్లికి తెలియదు. పుట్టి బుద్ధెరిగాక మా ఆవిడ ఏనాడూ ఆవిడను మమ్మీ అనలేదు. అత్తయ్యగారు నా వైపు తిరిగి "నా పిల్ల నాతో ఏ బాసలో మాట్లాడతందండీ అల్లుడుగారూ?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపల వెనకనుంచి మా అమ్మాయి అంది.

"అమ్మమ్మా, అమ్మ... ఏడవద్దు అంటుంది. నువ్వు ఏడవద్దు అని."

అది తెలుగులో ఒక వాక్యం పూర్తిగా అనడం నేను వినడం అదే మొదలు. అత్తయ్యగారు మనవరాలిని దగ్గరికి లాక్కుని ఇంకా ఏడ్చారు.

వారానికి మూడుసార్లు స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాలి. నడి వయసు ఢిల్లీ మనిషి, ఓర్పు ఎక్కువ. కొన్ని క్లాసులు ఆవిడ గదిలో, కొన్ని ఇంట్లో టాబ్లెట్ తెర మీద. బొమ్మ చూపించి పేరు చెప్పించడం, సగం వాక్యం చెప్పి మిగతా సగం పూరించమనడం, పాటలా సాగదీసి పలికించడం. అంతా హిందీలోనే. నాలుగో రోజు నేను ఉండబట్టలేక అడిగాను.

"మేడమ్, ఈవిడ మాతృభాష తెలుగు. తెలుగులో చేయించాలి కదా?"

"నాకు తెలుగు రాదు కదా భయ్యా" అని నవ్వి, ఆవిడ నిదానంగా చెప్పింది. రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళకు దెబ్బ తగిలాక అన్నీ ఒకేసారి తిరిగి రావాలని లేదట. ఒక్కోసారి అమ్మ దగ్గర నేర్చినది ముందొస్తుంది, ఒక్కోసారి రోజంతా వాడినది ముందొస్తుంది. ఎందుకన్నది ఇంకా పూర్తిగా తెలియదట. "ఏది వస్తోందో దాన్ని ముందు బలపరుద్దాం. అది రెండోదాన్ని చంపదు. చాలాసార్లు లాక్కొస్తుంది. తొందరపెట్టకండి."

నేను తొందరపెట్టాను. ఆ తప్పు రాయకుండా దాటేస్తే ఈ రాతకు అర్థం లేదు. ఆఫీసు నుంచి వచ్చి, ఆవిడ రోజంతా అలిసి ఉన్నా, ఎదురుగా కూర్చుని వస్తువులు చూపించి "ఇదేంటి? తెలుగులో చెప్పు. తెలుగులో" అనేవాణ్ణి. చెంచా చూపిస్తే ఆవిడ "చమ్మచ్" అంటే "కాదు, తెలుగులో" అనేవాణ్ణి. ఒక సాయంత్రం గ్లాసు చూపించి నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి ఆవిడ ఆ గ్లాసు నా చేతిలోంచి లాక్కుని గోడకేసి కొట్టింది. స్టీలు గ్లాసు. మోగుకుంటూ వంటింటి దాకా దొర్లింది. ఆవిడ ముఖం కప్పుకుని కూర్చుంది. గ్లాసు అనే మాట తెలుగులోనైనా హిందీలోనైనా గ్లాసేనన్న సంగతి నాకు అప్పుడు వెలిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మా అమ్మాయి వచ్చి నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. "పాపా, ఆప్ రహ్‌నే దో. మై కరూంగీ" అంది. నాన్నా, మీరు వదిలేయండి, నేను చేస్తాను అని. నేను వదిలేశాను.

అది చేసిన పద్ధతి వేరు. బడి నుంచి వచ్చి, అమ్మ పక్కన మంచం మీద బోర్లా పడుకుని, అట్ట ముక్కల మీద బొమ్మలు గీసేది. ఒక పక్క హిందీ మాట. రెండో పక్క తెలుగు మాట, అదీ హిందీ లిపిలోనే, ఎందుకంటే దానికి తెలుగు అక్షరాలు రావు. అమ్మమ్మను అడిగి ఒక్కో మాట రాసుకునేది. "అమ్మమ్మా, మటర్‌ని ఏమంటారు?" అంటే అత్తయ్యగారికి మటర్ అంటే ఏమిటో తెలియక, ఇద్దరూ వంటింట్లోకి పోయి బఠాణీలు చూపించుకుని నవ్వుకునేవారు. అది అమ్మను ఏమీ అడిగేది కాదు. "అమ్మా, నాకు తెలుగు నేర్పు. నేను చదువుతాను, తప్పైతే చెప్పు" అనేది. మా ఆవిడ వింటూ ఉండేది. ఎప్పుడైనా తల అడ్డంగా ఊపేది, అంతే. ఇలా నెల పైనే గడిచింది.

మే నెలలో ఒక ఆదివారం. బయట వేడిగాలి, లోపల కూలర్ మోత. నేను హాల్లో పేపర్ చదువుతున్నాను. గదిలో అమ్మాయి అట్టలు చదువుతోంది.

"గిన్నె. గరిటె. చెంబు. పల్లెం."

అమ్మమ్మ కూర తరుగుతున్నారు. అమ్మాయి మళ్ళీ చదివింది.

"పల్లెం."

అప్పుడు మా ఆవిడ గొంతు, లెక్క తప్పు చేసిన కుర్రాణ్ణి బోర్డు దగ్గర ఆపినప్పటి గొంతు, వినబడింది.

"పల్లెం కాదే. పళ్ళెం."

కూర తరిగే చప్పుడు ఆగిపోయింది. నేను లేచి గుమ్మం దాకా వెళ్ళి అక్కడే ఆగాను. లోపలికి వెళితే పాడవుతుందేమోనని భయం. అమ్మాయి తెలివైనది. అరవలేదు, కౌగిలించుకోలేదు. కావాలనే మళ్ళీ "పల్లెం" అంది.

"నాలుక... నాలుక వెనక్కి పెట్టు. పళ్ళెం. ళ. ళ."

"ల."

"ళ! ఒక్క అచ్చరం పలకలేవా?" అంది మా ఆవిడ. అని తనే ఆగిపోయి, తన నోటి మీద చెయ్యి పెట్టుకుని, గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. "ఏమండీ" అంది.

నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. అత్తయ్యగారు కత్తిపీట వదిలి కూతురి దగ్గరికి వచ్చి, బుగ్గలు నిమిరి, "ఆయ్, వచ్చేసిందండీ మా అమ్మాయి" అన్నారు.

అన్నీ ఒక్కరోజులో తిరిగి రాలేదు. ఒక రోజు పది మాటలు వచ్చేవి, మర్నాడు నాలుగు పోయేవి. ఒకే వాక్యంలో సగం హిందీ, సగం తెలుగు. కానీ దారి తెరుచుకుందని మా అందరికీ తెలిసింది. థెరపిస్ట్‌కు చెబితే, "నేను నేర్పలేని అక్షరం మీ పాప నేర్పించింది" అని ఫైల్లో ఏదో చాలాసేపు రాసుకుంది.

జూన్‌లో రెండో ఆపరేషన్. తల మీద పోయిన ఎముక బదులు టైటానియం లోహంతో చేసిన పలక పెడతామన్నారు. దానికి ముందు సర్జన్ గదిలో మాకు ఒక వస్తువు చూపించారు. స్కాన్‌ను బట్టి ప్రింటర్‌తో చేసిన ప్లాస్టిక్ పుర్రె. మా ఆవిడదే. ఎడమ పక్క పెద్ద ఖాళీ. ఆవిడ దాన్ని రెండు చేతులతో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నాకు చూడబుద్ధి కాలేదు, ఆవిడ మాత్రం లెక్క చూసినట్టు చూసింది.

"యే సైజ్ కైసే నికాలా?" అని సర్జన్‌ను అడిగింది. లేని భాగం కొలత ఎలా తెలిసిందని.

సర్జన్‌కు ఆ ప్రశ్న ఎంతో నచ్చింది. కంప్యూటర్లో కుడి వైపు ఎముకను అద్దంలో చూసినట్టు తిప్పి ఎడమ వైపు ఆకారం కట్టారట. అక్కడ మిగిలిన అంచులకు అది వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయేలా సవరించారట. పదిహేనేళ్ళ క్రితం అయితే ఆపరేషన్ బల్ల దగ్గరే చేత్తో సిమెంటు లాంటి పదార్థం ఒత్తి, అందాజుగా ఆకారం తెచ్చేవాళ్ళమని ఆవిడ చెప్పారు.

"సిమెట్రీ" అంది మా ఆవిడ. తర్వాత నా వైపు తిరిగి, మాట కోసం కాస్త తడుముకుని, "కుడి ఎడమలు ఒకటేనని... నమ్మారన్నమాట" అంది.

"మాట ఇంకా బాగుపడుతుందా డాక్టర్?" అని నేనడిగాను.

"పలక పెట్టాక కొందరిలో మెరుగవడం చూశాం. అందరిలో కాదు. నేను మాటివ్వను" అన్నారు. మళ్ళీ తనే, "మేము చదువుకునేటప్పుడు ఆరు నెలల్లో రానిది ఇక రాదని చెప్పేవారు. ఇప్పుడు నేను ఎవరికీ అలా చెప్పను. సంవత్సరం తర్వాత, రెండేళ్ళ తర్వాత కూడా మాట తెచ్చుకున్నవాళ్ళను చూశాను" అన్నారు.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు మా ఆవిడ నెలల తర్వాత అద్దం అడిగింది. జుట్టు అంగుళం పెరిగి ఉంది. సొట్ట లేదు. చెవి పైనుంచి నుదుటి దాకా గుర్రపు నాడా ఆకారంలో కుట్ల గీత. వేలితో ఆ గీత వెంట మెల్లగా రాసుకుంది. "బాగానే కుట్టారండీ" అంది. హెల్మెట్ అమ్మాయి అటక మీద పడేసింది.

పలక వల్లో, అప్పటికి మెదడు వాపు దిగి కుదుటపడటం వల్లో, మా అమ్మాయి అట్టల వల్లో నాకు తెలియదు, జులై నుంచి మాట గబగబా సాగింది. తల్లితో తెలుగు, కూతురితో రెండూ, నాతో తెలుగు. అత్తయ్యగారు ఆగస్టులో మా బావమరిది దగ్గరికి కాకినాడ వెళ్ళిపోయారు. ఇప్పుడు ప్రతి సాయంత్రం ఫోన్లో మనవరాలితో మాట్లాడతారు. మనవరాలు తెలుగులో తప్పులు చేస్తుంది. వాటిని పక్కనుంచి వాళ్ళమ్మ దిద్దుతుంది.

పూర్వంలా అయిపోయిందని చెబితే అబద్ధం. గోలగా ఉన్న చోట ఆవిడ పది నిమిషాలు నిలబడలేదు. సాయంత్రమైతే మాటలు మందగిస్తాయి, ఒక్కోసారి పేర్లు అసలు రావు. మనుషుల పేర్లు మరీను. అప్పుడు "అదే, ఆ పొడుగాయన" అని చెయ్యెత్తి చూపిస్తుంది. కూడికలు మాత్రం ఇప్పటికీ హిందీలోనే చేస్తుంది. కూరగాయల బండి దగ్గర మనసులో లెక్క వేసుకుంటుంటే పెదాలు కదలడం చూస్తాను. చార్, ఛే, దస్. అది నాకు ఇప్పుడు బాధ కలిగించదు. ఆ హిందీయే ఆవిడను మాకు ముందుగా తెచ్చి ఇచ్చింది.

అక్టోబరులో కోచింగ్ సెంటర్ వాళ్ళు వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి నలభై నిమిషాలు, చిన్న బ్యాచ్‌కు చెప్పి చూడమన్నారు. మొదటి రోజు నేను సెలవు పెట్టి మెట్రోలో వెంట వెళ్ళాను. లక్ష్మీ నగర్ స్టేషన్ మెట్లు దిగేటప్పుడు ఎదురుగా వందల మంది పిల్లలు పుస్తకాల సంచులతో వస్తుంటే ఆవిడ రెయిలింగ్ పట్టుకుని ఆగింది.

"వెనక్కి పోదామా?" అన్నాను.

"ఉండండి. వాళ్ళు పోనివ్వండి" అంది.

పోయారు. దిగింది.

క్లాసు తలుపుకు ఒక అద్దం ఉంది. నేను కారిడార్లో నిలబడి దాంట్లోంచి చూశాను. పన్నెండు మంది ఉన్నారు. ఆవిడ బోర్డు మీద ఒక సమీకరణం రాసింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని రాసింది, అక్షరాలు వంకరపోకుండా. మధ్యలో ఒకసారి ఒక మాట కోసం ఆగింది. నేను తలుపు పిడి మీద చెయ్యి వేశాను. ముందు వరసలో ఒక అమ్మాయి మెల్లగా ఏదో అందించింది. మా ఆవిడ ఆ పిల్ల వైపు చూసి, తల ఊపి, తన తల మీది కుట్ల గీత చూపించి ఏదో అంది. క్లాసంతా నవ్వింది. తనూ నవ్వి, కుర్చీలో కాసేపు కూర్చుని, లేచి మళ్ళీ మొదలుపెట్టింది.

బయటికి వచ్చేసరికి ముఖమంతా చెమట, కళ్ళల్లో అలసట.

"ఏం చెప్పి నవ్వించావు?" అన్నాను.

"ఈ వైపు కొత్త సామాను బిగించారు, ఇంకా అలవాటవ్వాలి, కాస్త ఓపిక పట్టండి అన్నాను."

"హిందీలోనా?"

"మరి వాళ్ళకు తెలుగు వచ్చేంటండీ?" అంది. తర్వాత స్టేషన్ వైపు నడుస్తూ, నా చెయ్యి పట్టుకుని, "గురువారం కూడా వస్తానని చెప్పేశాను. మీరు సెలవు పెట్టక్కర్లేదు" అంది.